ఇరాన్ వేణువు, గోపమ్మ శోకం

నల్లగొండ ఇలాకాలో దొరల మీద తిరగబడ్డ సంఘం పేరెత్తినవాడినల్లా పోలీసులు చితకబాదుతున్న ఏడు, ఆ ఊరి దొరకు సంగీతం మీద ప్రేమ పుట్టుకొచ్చింది. మకాం వేసిన పోలీసు అమీనుకు మర్యాద చేయాలి కదా! పట్నం నుంచి ఒక ఇరానీ ముసలాయనను పిలిపించి గడీ వాకిట్లో కూర్చోబెట్టాడు.

వెట్టికి నీళ్లు మోస్తున్న గోపమ్మ, ఆయన నయ్ అనే ఇరాన్ వేణువును బయటికి తీయగానే నిలువునా నీరైపోయింది.

ఆమె పెనిమిటి మల్లప్ప సంఘం మనిషి. గడీ వెనక గుట్ట మీద దాక్కుంటున్నాడు. పొద్దుగూకే వేళ గొల్ల కాటమయ్య పిల్లనగ్రోవి ఊదితే, దారి బాగుంది, దిగొచ్చి బువ్వ తినిపొమ్మని గుర్తు. పోలీసులున్నారని కాటమయ్యను ఇవాళ ఊదొద్దన్నారు. ఈ ముసలాయనకు ఎవరు చెప్పాలి?

ఆయన కళ్లు మూసుకుని ఊదాడు. మొదట గాలే ఎక్కువ వినిపించింది, ఆయాసపడే మనిషి ఊపిరిలాగా. స్వరం కిందకిందనే తిరిగింది. కాటమయ్య పాట ఇట్లా ఉండదు, పెనిమిటి మోసపోడులే అని గోపమ్మ గుండె చిక్కబట్టుకుంది. వింటూ వింటూ ఆమె కడవ దించడమే మరిచింది. దూరమైన వాళ్ల కోసం ఊదుతున్నాడనిపించింది.

అంతలో స్వరం లేచింది. సన్నగా, తేటగా గోడ దాటి గుట్ట మీదికి పోయింది. అంత దూరం నుంచి అచ్చం పిల్లనగ్రోవే. ఆకలి మీదున్నవాడు తేడా వెతుకుతాడా? గుట్ట మీద తంగేడు పొదలు కదిలాయి. అమీను తుపాకి పక్కనే ఉంది.

గోపమ్మ కడవ వదిలేసి కూలబడింది. పెళ్లైన నాటి నుంచి పెనిమిటి పేరు పలకని మనిషి, గుట్ట అదిరేలా శోకం ఎత్తుకుంది.

“ఓ మల్లప్పో! నన్నిడిసి పోతివా! ఇగ నా ఇంటికి రాకపోతివా! గీ ఊర్ల నీకు జాగా లేకపాయెనే!”

పాట ఆగింది. అమీను లేచాడు.

“ఏందే? మల్లప్ప సచ్చిండా?”

“పాము గరిచిందట, నీ బాంచెన్. అడివిలనే మట్టి జేసిన్రట. కడుపుల పెట్టుకొని పని జేస్తున్న. గా పాట ఇంటే ఆగలే.”

దొర ముఖం వెలిగిపోయింది. “సూసిన్రా అమీన్ సాబ్! గిదీ నయ్ అంటే!” అని మీసం దువ్వుకున్నాడు, అదేదో తానే ఊదినట్టు.

అమీను మాత్రం ఆమె చేతుల వంక చూశాడు. “మొగడు పోతే గాజులెందుకున్నయే?”

గోపమ్మ రెండు చేతులూ అరుగు రాతికేసి కొట్టింది. గాజులు చిట్లి మణికట్టు తెగింది. కొంగుతో బొట్టు తుడిచేసుకుంది. బతికున్నవాడికి చేయరాని పని చేశానే అని మళ్లీ ఏడ్చింది. ఈ ఏడుపులో అబద్ధం లేదు.

ముసలాయనకు తెలుగు రాదు. ఆమె చేతుల నెత్తురు చూసి కళ్లు తుడుచుకున్నాడు. ఓదార్చాలనుకున్నాడేమో, నయ్ మళ్లీ పెదవులకు ఆనించాడు. గోపమ్మ బిక్కచచ్చి గుట్ట వైపు చూసింది.

ఈసారి పొదలు కదల్లేదు. మల్లప్ప తన చావు కబురు తాను విన్నాడు. ఇక ఏ వేణువు పిలిచినా ఇంటికి రాడు. ఆమె మోకాళ్లలో తల పెట్టుకుని పాట చివరిదాకా విన్నది.