రెండోసారి కొట్టిన దూలం

కొబ్బరికాయ మంచిదో కాదో చెప్పడానికి కామేశ్వరరావుకి కళ్ళు అక్కర్లేదు. వేలి కణుపుతో కొట్టి చెవి ఒగ్గితే చాలు. కొత్తపేటలో ఏళ్ళ తరబడి కొబ్బరి వ్యాపారం చేస్తున్న మనిషి. ఆయన మంచిదన్న కాయ కుళ్ళిందని ఇంతవరకూ ఎవరూ వెనక్కి తేలేదు. అందుకే పలివెలలో ఒక పాత పెంకుటిల్లు అమ్మకానికొచ్చిందని తెలియగానే, చెల్లెలు వీరలక్ష్మి "అన్నయ్యా, నువ్వొచ్చి చూడాల్సిందే" అంది. ఆయన సరేనన్నాడు. అనక ఏం చేస్తాడు? అప్పటికే మూడిళ్ళకి వంకలు పెట్టి ఉన్నాడు.

మొదటి ఇంటికి నిజంగానే చెదలు పట్టింది. రెండోదానికి వీధిపోటన్నాడు. మూడోది పి.గన్నవరంలో, బంగారంలాంటి ఇల్లు. గోదారికి మరీ దగ్గరన్నాడు. గోదారి వద్దనుకునేవాళ్ళు కోనసీమలో ఇల్లు వెతకడమెందుకో ఆయనే చెప్పాలి. ఏ వంకా లేనమ్మ డొంక పట్టుకుని ఏడ్చిందని పెద్దవాళ్ళు ఊరికే అనలేదు.

అసలు సంగతి వేరు. భార్య పోయాక కామేశ్వరరావు హోటలు భోజనానికి అలవాటుపడుతున్న రోజుల్లో, మస్కట్‌లో వంటపని మానేసి వీరలక్ష్మి తిరిగొచ్చింది. ఆమె భర్త ఎప్పుడో పోయాడు, పిల్లలు లేరు. "సొంతిల్లు చూసుకునేదాకా నీ దగ్గరుంటాను" అని పెట్టె దింపింది. అప్పట్నించీ పొద్దువాలేసరికి ఆ ఇంట్లో పోపు వాసన వస్తోంది. కొబ్బరి రాశి దగ్గర ఆయన కాయలు కొట్టి చూస్తుంటే, పక్కనే పీట వేసుకుని కూర్చుని కబుర్లు చెబుతుంది. ఆమె వెళ్ళిపోతే మళ్ళీ తాళం తీసుకుని చీకటింట్లోకి అడుగుపెట్టాలి. ఆ ఊహకే ఆయనకి భయం. అరవైకి దగ్గరపడ్డ మగవాడు ఆ మాట చెల్లెలితో ఎలా చెబుతాడు? పాపం, గోడల మీద పెట్టి చెబుతున్నాడు.

పలివెలలో పక్కింటి అయ్యప్ప తాళం తెచ్చి తలుపు తీశాడు. ఇంటివాళ్ళు కాకినాడలో స్థిరపడ్డారట.

"రండి, రండి. మా తాతగారి రోజుల్లో కట్టేరండి ఇది. పెంకు మాత్రం మొన్నీమధ్యే నేయించేరు," అన్నాడు.

వీరలక్ష్మి గడప దగ్గరే ఆగిపోయింది. వెడల్పాటి టేకు గడప. వంగి దుమ్ము తుడిచింది.

"ఇన్నేళ్ళూ ఒకళ్ళ వంటింట్లోనే వండేను అన్నయ్యా. నా గడపకి నేను పసుపు రాసుకోవాలని ఉంది," అంది.

కామేశ్వరరావు మనసు చివుక్కుమంది. చివుక్కుమన్నా తన పని మానలేదు.

చెంబుతో నీళ్ళు తెప్పించి వసారాలో పోశాడు. ఎక్కడా నిలవకుండా నీళ్ళు బుద్ధిగా తూము దారి పట్టాయి. "నేల కుంగింది," అన్నాడు మొహం చిట్లించి. గోడకి వేలు రాసి నాలిక మీద పెట్టుకున్నాడు. సున్నం తప్ప మరో రుచి లేదు. "ఉప్పు తేలిందమ్మా," అన్నాడు. తర్వాత బల్ల ఎక్కి తాటిదూలాలు ఒక్కొక్కటే కొట్టుకుంటూ వెళ్ళాడు. ఖంగు, ఖంగు, ఖంగు. లోపలంతా చేవే. అలాంటి ముదురు తాటిచెట్లు ఇప్పుడు కావాలన్నా దొరకవు. కిందికి దిగి చేతులు దులుపుకున్నాడు.

"గుల్ల. అన్నీ గుల్లే. గట్టి వానొస్తే నెత్తిమీద పడతాయి."

అయ్యప్ప తెల్లబోయాడు. "గుల్లేంటండి బాబూ!"

"అయ్యప్పగారూ, కాసిని మంచినీళ్ళు తెచ్చిపెడతారా?" అంది వీరలక్ష్మి.

"ఆయ్," అని గోదారి మర్యాదతో తలూపి అతను వెళ్ళాడు. ఆమె గడప మీద చెయ్యి వేసి పక్కనే నేల మీద కూర్చుంది.

"మంచికాయని నువ్వు ఒక్కసారే కొడతావన్నయ్యా."

"ఏంటమ్మా?"

"రాశి దగ్గర రోజూ చూస్తున్నాను కదా. మంచిదైతే ఒక్క దెబ్బ కొట్టి పక్కన పెట్టేస్తావు. అనుమానమొస్తే రెండోసారి కొడతావు. ఇందాకా ఒక్క దూలాన్నైనా రెండోసారి కొట్టేవా?"

తన చేతికి అలాంటి అలవాటుందని కామేశ్వరరావుకే తెలియదు. బల్ల మీద చతికిలబడ్డాడు.

"ఇల్లు బాగుందమ్మా," అన్నాడు. "నువ్వెళ్ళిపోతావని..."

"పలివెల ఏమైనా మస్కటా? స్కూటరు మీద పావుగంట."

"స్కూటరుకి పావుగంటే. రాత్రి కంచం దగ్గర తెలుస్తుంది, ఎంత దూరమో."

వీరలక్ష్మి కళ్ళు నిండాయి. "నువ్వు వద్దంటే మానేస్తాను," అంది. మాట అలా అంటోంది గానీ చెయ్యి గడపని వదల్లేదు. అది చూశాక ఇంకా వద్దనడానికి కామేశ్వరరావేం బండరాయి కాదు.

"కొనుక్కో. ఇలాంటి ఇల్లు మళ్ళీ దొరకదు," అన్నాడు. కండువాతో మొహం తుడుచుకుని లేచాడు. "వంటిల్లు చూళ్ళేదు, పద."

వంటింటి దూలం చేతికందే ఎత్తులో ఉంది. ఒకసారి కొట్టాడు. ఆగాడు. తల పక్కకి వంచి రెండోసారి కొట్టాడు.

"ఇదొక్కటే అనుమానంగా ఉందమ్మా. మార్పించాలి. పనివాళ్ళకి ఒదిలేస్తే అయ్యేది కాదు. రోజూ నేనే వచ్చి దగ్గరుండాలి," అన్నాడు, ఆమె వైపు చూడకుండా.

వీరలక్ష్మి దూలం కిందికి వచ్చి, మునివేళ్ళ మీద లేచి, తనూ కణుపుతో కొట్టింది. ఒక్కసారే. ఖంగుమంది. రాశి పక్కన అన్నాళ్ళు కూర్చున్న చెవికి ఆ చప్పుడు తెలియకపోదు.

"అవునన్నయ్యా, గుల్లే," అంది. "పని మెల్లగా చేయిద్దాంలే, తొందరేం లేదు. రోజూ సాయంత్రం రా. ఇద్దరికీ వండుతాను."

పుట్టి బుద్ధెరిగాక చెల్లెలితో ఎన్నడూ అనని మాట అన్నాడు కామేశ్వరరావు.

"ఆయ్."