పిచ్చయ్య పేరు మీది పన్ను

పిచ్చయ్య పోయి మూడేళ్లయినా ఊరి బాగోగులు చూసే యూనియన్ బోర్డుకు పన్ను మాత్రం కడుతూనే ఉన్నాడు. డబ్బిచ్చేది ఆయన భార్య వెంకటసుబ్బులమ్మ, రసీదులో పేరు ఆయనది. మార్కాపురం పలకలకు చెక్క చట్రాలు బిగించే పని ఆయన ఉన్నప్పుడూ ఆమే చేయించేది. ఆయన మంచం మీద పడుకొని పర్యవేక్షించేవాడు. అందుకని ఆయన పోయినా వ్యాపారానికి వెలితి తెలియలేదు.

మొన్న ఎండిన బావికి పూడిక తీయించమని ఆమె బోర్డు ఆఫీసుకు పోతే గుమాస్తా నవ్వినాడు. "దొరల సర్కారులో పన్ను కట్టేవాళ్లకే ఓటమ్మా. మీ వీధిలో ఓటు పిచ్చయ్య ఒక్కడికే ఉంది. పోయిన ఎన్నికల్లో వేసినాడు కూడా."

బతికుండగా సంతకే పోని మనిషి, చచ్చినాక ఓటేసి వచ్చినాడన్నమాట. వెంకటసుబ్బులమ్మ ఇంటికి వచ్చింది.

బిల్లు కలెక్టరు మాలకొండయ్య వచ్చినప్పుడు మాత్రం కొంగుముడి విప్పలేదు.

"నా పేరు రాయి, కడతా."

"పేరుదేముందిలే అక్కా."

"ఇది దేని మీద పన్ను?"

"సంపాదన మీద. సర్కారు ఆదాయపు పన్ను వేరే, అది పెద్ద షావుకార్లకు. ఇది మన బోర్డు వృత్తిపన్ను. ఊళ్లో సంపాదించే మనిషి ఆర్నెల్లకోసారి కట్టాల."

"మరి ఆయన ఈ ఆర్నెల్లలో ఏం సంపాదించినాడు?"

మాలకొండయ్య చెవి మీది పెన్సిలు తీసి మళ్లీ అక్కడే పెట్టుకున్నాడు. "జప్తుకొస్తారక్కా."

"రానీ."

వచ్చినారు. బంట్రోతు నేరుగా గేదె పలుపు పట్టుకున్నాడు.

"అది నాది నాయనా. ఆయన కర్మలైనాక ముస్తాక్ అహ్మద్ అన్న దగ్గర కొన్నా, పోయి అడుగు. పన్ను పిచ్చయ్యది, సామాను పిచ్చయ్యదే పట్టుకుపో."

లోపలికి పోయి ఆయన చేతికర్ర, ఆయన చెప్పులు తెచ్చి అరుగు మీద పెట్టింది. పోయినోడి చెప్పులు ముట్టుకునే మగాడు ఆ ఊళ్లో లేడు. బంట్రోతు పలుపు వదిలి చేతులు కడుక్కుంటానని నీళ్లడిగినాడు.

"నీళ్లా? మా బావి సంగతి బోర్డునే అడుగు."

వారానికి రసీదులో పేరు మారింది. బుద్ధి చెప్పాలని కాబోలు, సంపాదన లెక్కన వేసే పన్నును రెండు తరగతులు పైకెక్కించినారు.

"ఎక్కువేసినారక్కా. అప్పీలు చేసుకో," అన్నాడు మాలకొండయ్య నెమ్మదిగా.

"ఎందుకు? ఆయన కంటే నా సంపాదనే ఎక్కువని బోర్డే రాసిచ్చింది. ఇన్నాళ్లూ నేను చెప్తే ఎవురూ నమ్మలా." రసీదులో పేరు చదువుకొని కొంగుముడి విప్పింది. "ఉండు, అప్పుడే పోతే ఎట్ల? పక్కింటి శ్రీశైలమ్మ మేకపాలు అమ్ముతాది. ఆ పక్కన షరీఫాబీ బట్టలు కుడతాది. ఇద్దరికీ పన్నెయ్యి."

మాలకొండయ్య ఉద్యోగంలో చేరినప్పటి నుంచి పన్నెయ్యమని ఎవరూ పిలవలేదు. "వాళ్లు ఒప్పుకున్నారా అక్కా?"

"వాకిట్లో నిలబడి ఉన్నారు, చూడు. బావి వాళ్లకూ కావాల."