యుద్ధం పంటకు కోతపండుగ

మొదట నా చేతిలో ఉన్నవి ఒక విత్తనాల కొట్టు, అందులో రెండు బస్తాల యుద్ధం, ఒక తమ్ముడు. తమ్ముడి పేరు జకరయ్య.

ఈ ఏడు కాలవకు రెండు గట్ల మీదా వరి మానేసి యుద్ధం వేస్తున్నారు. విత్తనం నువ్వుగింజ కంటే చిన్నది. అరచేతిలో పోసుకుంటే వెచ్చగా ఉంటుంది. ఒక బస్తా ఇవతలి గట్టువాళ్లకు, ఒకటి అవతలి గట్టువాళ్లకు ఇస్తాను. వ్యాపారికి గట్టు ఉండదు.

పాస్టరుగారు పొద్దున ఇవతలి చేలలో, సాయంత్రం అవతలి చేలలో ప్రార్థన చేస్తారు. ప్రార్థన ఒకటే కనుక ఆయనకు శ్రమ లేదు.

మొలకలు వచ్చాక కాపలా కావాలంటే జకరయ్య వెళ్తాడు. పైరు అతని మోకాళ్ల దాకా, తరవాత నడుం దాకా పెరుగుతుంది. నేను అన్నం తీసుకెళ్తాను.

"కాళ్లు కదలట్లేదన్నయ్యా. నేల్లో దిగబడిపోయినయ్."

"కోతలైతే నువ్వే వస్తావులేరా," అంటాను.

కోతలు వస్తాయి. కొడవళ్లు పైరునూ మనిషినీ వేరుగా చూడవు. మా చర్చి ఆనవాయితీ ప్రకారం తొలిపంటను కోతపండుగ నాడు బలిపీఠం ముందు పెట్టి వేలం వేస్తారు. గుమ్మడికాయలకూ అరటిగెలలకూ మధ్య జకరయ్యను కోసిన పైరుతో కలిపి పనకట్టలో బిగించి నిలబెడతారు. తల ఒక్కటే బయటికి కనిపిస్తోంది. బతికే ఉన్నాడు.

ఏటా పుచ్చిన కాయను కూడా దీవెన కోసం ఎగబడి వేలం పాడేవాళ్లం. ఈసారి డబ్బు చెల్లదని సంఘపెద్ద కరుణానందంగారు ముందే చెబుతారు.

"ఈ పంట తప్పు నాదే అన్నవాళ్లదండీ ఈ కట్ట. మొత్తం తప్పు! ఎవరు?"

ఎవరూ పలకరు.

"సగం?"

"ముందు నాటింది వాళ్లండీ," అంటుంది ఇవతలి గట్టువాళ్లు కూర్చున్న చాప మీంచి ఒక గొంతు.

"మీ నాట్లు చూశాకేగా మేం దున్నింది!" అంటుంది అవతలి చాప.

"పోనీ పావు. ఇంత సంఘంలో పావు తప్పుకు గతిలేదటయ్యా?"

జకరయ్య నన్నే చూస్తున్నాడు. "పాడన్నయ్యా. ఒక్క మాటేగా."

"ఆగరా. దిగుతోంది. దిగనీ."

నేను ఏ పాటలోనూ ముందు నోరు విప్పను. ఆ పద్ధతి వల్లే కొట్టు నిలబడింది. అయినా నేను విత్తనం అమ్మానుగాని నాటలేదు. ధర గడ్డిపరకంతకు, ఆవగింజంతకు దిగుతుంది. ఆవగింజంత తప్పుకు తమ్ముడంటే చవకే. కానీ దాని కింద ఊరికే వచ్చే మెట్టు ఇంకొకటి ఉంది. దానికోసం ఆగుతాను.

"మొత్తం నాదే," అంటాడు వెనక చెప్పులు విడిచేచోట నిలబడ్డ ఒక మనిషి. అతనికి ఏ గట్టు మీదా సెంటు భూమి లేదు.

"ఓరి పిచ్చోడా, ఆవగింజకు వస్తుంటే!" అని అందరూ నవ్వుతారు.

కరుణానందంగారు మూడోసారి అని పాట కొట్టేస్తారు. ఆ మనిషి కట్ట విప్పుతాడు. జకరయ్య అతని భుజం పట్టుకుని, నన్ను చూడకుండా గుమ్మం దాటుతాడు.

అప్పుడు రెండు చాపలూ మొదటిసారి ఒక్కటై లేస్తాయి. "ఒప్పుకున్నాడు! పట్టుకోండి!" అంటూ కొడవళ్లతో పరిగెడతారు. కాసేపటికి కొడవళ్లు కడుక్కుని వస్తారు. అతన్ని చంపేశామంటారు.

"మరి మా జకరయ్యో?"

"వాడు ఆయన్ని వదల్లేదు," అంటారు.

పాస్టరుగారు లేచి, తప్పంతా అమ్ముడుపోయింది కనుక పాడనివాళ్లకు కొసరు ఉందని ప్రకటిస్తారు. తలా ఒక నిర్దోషిత్వం చేతికిస్తారు. నా వంతుది తెల్లగా, బరువుగా ఉంది. పొత్తిగుడ్డ తొలగిస్తే కళ్లు లేవు, పళ్లన్నీ ఉన్నాయి.

"నాన్నా, ఆకలి," అంటుంది.

"ఏం తింటావమ్మా?"

నా వేళ్లు వాసన చూస్తుంది. ఇంటిదారిలో లెక్క చూసుకుంటాను. పోయినవి రెండు బస్తాలు, ఒక తమ్ముడు. వచ్చింది ఇది. నా కుడిచేయి మోచేతి దాకా దాని నోట్లో ఉంది. నమిలే చప్పుడు వినిపిస్తోంది. నొప్పి మాత్రం లేదు. అదే లాభం.