కళ్ళు మూసుకుని పోట్లాట

కళ్ళజోళ్ళ షాపాయన చర్చిలో ప్రేమ గురించి మాట్లాడితే వెనక బెంచీవాళ్ళు కూడా ఫోన్లు జేబులో పెట్టేసేవాళ్ళు. పొరుగువాణ్ణి ప్రేమించడం ఆయనకి చిటికెలో పని. పొరుగువాడు తడి తువ్వాలు గురించి సణగడు కదా. చిక్కంతా పెళ్ళాంతోనే.

ఆ ఇంట్లో మొగుడూ పెళ్ళాలు అరుచుకోరు. గోడలు పల్చన, పక్కింట్లో చర్చి కమిటీ మెంబరు. కోపమొస్తే మాటలు మానేస్తారు, అంతే. కానీ రాత్రి భోజనానికి ముందు కుటుంబ ప్రార్థన మానడానికి లేదు. దాంతో మొగుడికి చెప్పాల్సినవి ఆవిడా, పెళ్ళానికి చెప్పాల్సినవి ఆయనా కళ్ళు మూసుకుని దేవుడికి చెప్పుకునేవాళ్ళు.

ఈసారి ముందు ఆవిడ మొదలెట్టింది. తడి తువ్వాలు మంచం మీద పారేసేవాళ్ళకి కనువిప్పు కలిగించమని ఎంతో వినయంగా వేడుకుంది. మర్నాడు ఆయన వంతు. ఆవిడ చీకటితోనే మిక్సీ తిప్పుతుంది కదా, తువ్వాలుకి అది జవాబన్నమాట.

"ప్రభువా, తెల్లారకుండానే చప్పుళ్ళు చేసి ఇంటిల్లిపాది నిద్రా చెడగొట్టేవాళ్ళకి కాస్త జ్ఞానం ప్రసాదించు" అన్నాడు.

ఆయన తల్లి ఎప్పుడూ అందరికంటే గట్టిగా ఆమెన్ అంటుంది, ఆ రాత్రి మాత్రం మెల్లిగా అంది. ఆయన పట్టించుకోలేదు. దెబ్బ తగిలిందా లేదా అని ఒంటికన్ను తెరిచి పెళ్ళాం మొహం చూసుకుంటున్నాడు.

పొద్దున్నే తల్లి కళ్ళలో మందు వేసి షాపుకెళ్ళడం ఆయనకి అలవాటు. గదిలోకెళ్తే ఆవిడ మంచం అంచున కూర్చుని ఉంది. కాళ్ళ దగ్గర సర్దిన సంచీ. చేతికర్ర కొసకి ఈయన పాత మేజోడు తొడిగి, దారంతో బిగించి ఉంది.

"కొన్నాళ్ళు నీ తమ్ముడి దగ్గరుంటాన్రా" అంది. కోపంగా కాదు, కూరగాయల సంగతి చెప్పినట్టు. తెల్లారకుండా లేచి నడిస్తే కర్ర ఎంత చప్పుడవుతోందో తనకి తెలియట్లేదనీ, ఇవాళ బాత్రూముకి కూడా వెలుగొచ్చేదాకా ఆగాననీ చెప్పింది. "నీకు నిద్ర ఉండాలి నాన్నా. పదిమంది కళ్ళు చూసేవాడివి."

 అది వీధి కుక్కల గురించి చేసిన ప్రార్థనమ్మా అందామని ఆయనకి నాలుక చివరిదాకా వచ్చింది. వచ్చినందుకు సిగ్గేసింది కూడా.

గుమ్మంలో కోడలు నిలబడి మేజోడు వంకే చూస్తోంది. "అది మీ గురించి కాదత్తయ్యా, నా మిక్సీ గురించి" అంది. "మొన్నటిది ఈయన తువ్వాలు గురించి."

పెద్దావిడ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "అంటే ఇన్నాళ్ళూ మీ పోట్లాటకా నేను ఆమెన్ అన్నది? మీకు మాటలు మోసిపెట్టడానికి దేవుడు తప్ప ఎవరూ దొరకలేదురా?"

 ఆయన నేలమీద కూర్చుని దారం ముడి విప్పడం మొదలెట్టాడు. ముసలావిడ ముడి, ఒక పట్టాన రాలేదు.

"వెళ్ళొద్దమ్మా. ఆ కర్ర వినపడితేనే కదా, నువ్వు లేచావని నాకు తెలిసేది."

"కత్తెర తెస్తానుండండి" అంది పెళ్ళాం. ఆయనతో నేరుగా మాట్లాడి ఎన్నాళ్ళయిందో, ఆ ఒక్క ముక్కకే ఆయన కళ్ళు చెమర్చాయి. మందు వేసుకోవాల్సింది తను కాదని గుర్తొచ్చి సీసా తల్లివైపు తిప్పాడు.

ఆ రాత్రి ప్రార్థనలో ముందు ఒకరినొకరు క్షమాపణ అడిగాకే దేవుడి దాకా వెళ్ళాలని పెద్దావిడ రూలు పెట్టింది. అడిగారు. అడగడం ప్రార్థన కంటే కష్టమైంది. అన్నం చల్లారిపోయింది.

తెల్లారకుండానే కర్ర నట్టింట్లోంచి టక్కుటక్కుమంటూ వెళ్ళింది. ఇద్దరికీ మెలకువొచ్చింది. నిజం చెప్పాలంటే చప్పుడు కాస్త ఎక్కువే. ఆ సంగతి మాత్రం దేవుడికి చెప్పకూడదని చీకట్లోనే ఇద్దరూ ఒప్పందానికొచ్చారు. ఆయన లేచి వెళ్ళి తల్లికి బాత్రూము లైటు వేశాడు.