గీకేసిన పేర్లు

ఆ ప్రయోగశాలలో ఆవిడ అందరికీ వదినే. డైరెక్టరు దగ్గర్నుంచి గేటు కాపలావాడి దాకా వేరే మాటతో పిలిచేవాళ్లు లేరు. ఒకప్పుడు ఆవిడ మరిది కూడా అదే టైమింగ్ సెక్షన్‌లో పనిచేస్తూ, రోజుకు నలభైసార్లు వదినా, వదినా అని అరుస్తుంటే ఆ పిలుపు అందరి నోటికీ అంటుకుంది. రెండేళ్లు తిరిగేసరికి మరిది మానేసి కంపెనీలో చేరిపోయాడు. పిలుపు మాత్రం మిగిలింది. ఇప్పుడు ఎవరైనా ఆ మాట అంటే చాలు, ఆవిడకి కంపరం పుడుతోంది. పుట్టదా మరి? వినండి.

అక్కడ భూమి అడుగున చక్రంలా పెద్ద గొట్టం ఉంది. అందులో కంటికి కనపడని కణాలు గుంపులు గుంపులుగా, ఇంచుమించు కాంతి వేగంతో తిరుగుతుంటాయి. గుంపు మలుపు దగ్గరికి వచ్చిన క్షణానికి సరిగ్గా ఓ అయస్కాంతం దాన్ని పక్క గొట్టంలోకి తోసెయ్యాలి. ముందు తోసినా కొంప మునుగుతుంది, వెనక తోసినా మునుగుతుంది. ఆ క్షణమేదో చెప్పేవి వదిన సెక్షన్ బోర్డులు. వాటి నక్షాలూ లెక్కలూ ఏవీ దాచుకోకుండా అందరికీ కనపడేలా ఇంటర్నెట్‌లో పెట్టేశారు. ఎవరైనా చేసుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. షరతు ఒక్కటే: బోర్డు వెనక రాగి అక్షరాల్లో ఉన్న పేర్లు చెరపకూడదు. తప్పు దిద్దినవాళ్ల పేరు ఆ వరసలో చేరుతూ పోతుంది. వరసలో మొదటి పేరు వదినది, రెండోది ఆవిడ భర్తది, మొట్టమొదటి బోర్డు అచ్చవకముందే ఓ తప్పు పట్టినందుకు. ఆయన అక్కడే కేబుళ్లు వేసే టెక్నీషియను. పోయి ఏడాది దాటింది.

ఊరికే దొరికేదానికి విలువేముంటుందని డైరెక్టరుగారికి కొత్త బుద్ధి పుట్టింది. పోయిన నెల ఆ అయస్కాంతం దగ్గర వదిన బోర్డులు పీకించి, మరిది కంపెనీ వాళ్ల డబ్బాలు మూడు పెట్టించాడు. అవి సీలు వేసిన డబ్బాలు, విప్పితే గ్యారంటీ పోతుందట. నాలుగోరోజు గుంపులో ముందున్న కణాలకి తోపు అందలేదు. అవి పోయి గొట్టం గోడకి కొట్టుకుని వేలు పట్టేంత చిల్లు పెట్టాయి. మూడు డబ్బాలూ ఒకదానితో ఒకటి చక్కగా కలుస్తున్నాయి, వదిన బోర్డులు నడిపే మిగతా చక్రంతోనే ఎనిమిది నానోసెకన్ల తేడా. అంటే సెకనులో వంద కోట్లవ వంతులు ఎనిమిది. ముగ్గురు దొంగలు ఒకే మాట చెప్తే అది సాక్ష్యమైపోతుందా? డైరెక్టరుగారికి అయిపోయింది.

ఉదయం విచారణ పెట్టారు. బల్లకి అటు డైరెక్టరు, పక్కన నలుగురు పెద్దమనుషులు, కంపెనీ తరఫున మరిది. డైరెక్టరు కాగితం చూస్తూనే పుల్లతో పళ్లు కుట్టుకుంటున్నాడు. అందరికీ మర్యాదగా తేలిపోయే దారి ఒకటుందన్నాడు. ఎనిమిది నానోసెకన్లంటే మీటరున్నర పైచిలుకు కేబులు. కేబులు పొడవు తప్పు రాశారని రిపోర్టులో పెడితే కంపెనీకి మాట రాదు, వదిన బోర్డులకీ రాదు.

"కేబుల్ వేసినాయన ఎలాగూ లేరు కదా వదినా," అని పుల్ల విరిచి సాసర్లో పడేశాడు.

వదిన మరిది వంక చూసింది. కేబులు ఈ చివర ఏ డబ్బా ఉన్నా, ఆ చివరనున్న తన బోర్డులు దాని పొడవు సెకను సెకనుకీ వాటంతటవే కొలుస్తూ ఉంటాయి. మనిషి రాసిన కొలతతో వాటికి పనే లేదు. డైరెక్టరుకి తెలియకపోవచ్చు, మరిదికి తెలుసు, రెండేళ్లు ఆ పనే చేశాడు. నోరు విప్పుతాడేమో అని చూసింది. వాడు తల ఊపాడు. సరేనని ఊపాడు! చచ్చిపోయిన సొంత అన్న మీదికి నెట్టేసి, మంచినీళ్లు తాగాడు. ఆవిడ మధ్యాహ్నం దాకా గడువిమ్మని అడిగి లేచి వచ్చేసింది.

సొరంగంలోకి దిగి, విడిగా పెట్టిన డబ్బాల్లో ఒకటి తీసుకొచ్చి, తన గదిలో, చక్రమంతటికీ కాలం చెప్పే అసలు గడియారంతో పోల్చింది. ఎనిమిది నానోసెకన్లు వెనక. రెండోసారి కొలిచినా అంతే. అప్పుడు తట్టింది, ఆ అంకె తనకి కొత్త కాదు. బోర్డు మొదటి రకంలో, కాంతిని కరెంటుగా మార్చే చిన్న ముక్క తినే కాలాన్ని ఆవిడ లెక్కలో కలపడం మర్చిపోయింది. సరిగ్గా ఎనిమిది. అదీ భర్తే పట్టుకున్నాడు. దిద్దుబాటు మూడేళ్ల కిందటే అందరికీ కనపడేలా పెట్టారు. వాడుకునేవాళ్లంతా దిద్దుకున్నారు. అంటే ఈ డబ్బాలో ఉన్నది దిద్దని ఆ మొదటి రకమే. దొంగిలించినవాడు ఎలా దిద్దుకుంటాడు? తేలు కుట్టిన దొంగ కదా, అరవలేడు, అడగలేడు.

మధ్యాహ్నం ఆవిడ ఆ డబ్బా, స్క్రూడ్రైవరు పట్టుకుని విచారణ గదిలోకి వెళ్లింది.

"ఇందులో ఉన్న తప్పు నాది. ముందు అది రాసుకోండి," అంది.

అందరూ తెల్లమొహాలు వేశారు. గ్యారంటీ, గ్యారంటీ అని మరిది లేవబోయాడు. ఆవిడ సీలు చింపి, మరలు విప్పి, బోర్డు తిరగేసి బల్ల మీద పెట్టింది. వెనక పేర్లుండే చోట గరుకు కాగితంతో రుద్దిన మచ్చ ఉంది. రుద్దినవాడికి ఓపిక చాలలేదు కాబోలు, రెండో పేరులో చివరి అక్షరం సగం మిగిలింది. పక్కన తన పాత బోర్డు పెట్టి, గీత గీతా కలిపి చూపించింది. దిద్దుబాటు కాగితం మీద భర్త పేరూ తేదీ చూపించింది. డైరెక్టరు ఆ మచ్చ వేలితో తడిమి, వేలు రుమాలుకి తుడుచుకున్నాడు. కేబులు మాట కొట్టేశాడు. ఇక ఆ మాట ఎవరూ ఎత్తలేదు.

బయట వరండాలో మరిది వెంటపడ్డాడు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టిన మనిషి, ఇంకా ఆ పిలుపే పిలుస్తున్నాడు. పేర్లు గీకింది వర్క్‌షాప్ వాళ్లు, నాకేం తెలీదన్నాడు. ఆవిడ నడుస్తూనే ఉంది. అప్పుడు గొంతు తగ్గించాడు.

"ఇంకో ముప్పై డబ్బాలు అమ్మేశాం వదినా. ఆ దిద్దుబాటేదో చెప్పు."

మొహాన ఉమ్మేద్దామనిపించింది ఆవిడకి. కానీ ఆ ముప్పై డబ్బాలూ ఏ యంత్రాల్లో ఉన్నాయో, వాటి పక్కన ఎవరు నించుంటారో.

"మూడేళ్లుగా అందరి ముందూ ఉంది. మీ అన్న పేరు కింద చూడు," అంది.

వాడు ఫోన్ తీసి వెతుక్కున్నాడు. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఆ పేజీ తెరవలేదన్నమాట. దొరికింది. లెక్క చదివాడు, కింద అన్న రాసిన నాలుగు ముక్కల దగ్గర వేలు ఆగింది. ఆవిడకి అవి కంఠతా వచ్చు. 'మొదటి రకం బోర్డు ఎవరి దగ్గరన్నా ఉంటే ఒక్క మాట చెప్పండి. మొహమాటపడొద్దు. నేనే వచ్చి సరిచేసి వెళ్తాను.'

పైన తేదీ ఉంది, అది ఆదివారం. ఆదివారాలు మరిది భోజనం వాళ్లింట్లోనే. ఆ రోజు ఆయన ఆ ముక్కలు రాసి, కంప్యూటర్ పక్కకి జరిపి, తమ్ముడి కంచంలో తన చేత్తో వడ్డించాడు.