కమలాకుమారికి నచ్చిన వాగ్దానం

ప్రభువు చేసిన మేలుకు సాక్ష్యం చెప్పడంలో, ఢిల్లీ పక్కనున్న వైశాలి తెలుగు క్రైస్తవ సంఘంలో కమలాకుమారిని మించినవారు లేరు. గ్యాసు బండ వేళకు వస్తే సాక్ష్యం, మెట్రోలో సీటు దొరికితే సాక్ష్యం. “భారమంతా ప్రభువు మీద వేసేశానండీ” అంటూ ఆమె గొంతు వణికిస్తే, ముందు వరుస ఆడవాళ్ళు కళ్ళొత్తుకునేవారు. వేసిన ఆ భారాన్ని, గుమ్మంలో చెప్పులు తొడుక్కునేటప్పుడే ఆమె మళ్ళీ నెత్తికెత్తుకునేది. అది మాత్రం సాక్ష్యంలోకి వచ్చేది కాదు.

కూతురు నవ్యశ్రీ నర్సు. గువాహతి ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చింది. చేరుతుందో లేదో సాయంత్రంలోగా చెప్పాలి. పిల్లకు వెళ్ళాలని ఉంది. తల్లికి పంపాలని లేదు. అయితే ఆ ‘వద్దు’ తన నోట కాక ప్రభువు నోట రావాలని కమలాకుమారి కోరిక.

అందుకే వాగ్దానాల పెట్టె తెచ్చింది. నిండా కార్డులు, కార్డుకొక బైబిలు వాక్యం. ప్రార్థించి, కళ్ళు మూసుకుని ఒకటి తీయాలి, వచ్చినదానికి తలవంచాలి. ఆ ఇంటి పద్ధతి అది.

“పూర్ణహృదయంతో నమ్మి తియ్యమ్మా. ఏదొస్తే అదే.”

నవ్యశ్రీ తీసింది. అయినవాళ్ళను విడిచి, తాను చూపించే చోటికి బయలుదేరమంటున్నాడు దేవుడు.

“నువ్వు కళ్ళు సరిగ్గా మూయలేదు. నేను చూశాను.”

“అచ్ఛా? నీ కళ్ళు కూడా మూసే ఉండాలి కదా మమ్మీ?”

రెండో కార్డు: ఎక్కడికి వెళ్ళినా తోడుంటాడట.

“ఇది మీ డాడీకి. మోకాలికి ప్రార్థన చేయించాం కదా, ఆ జవాబు ఇప్పుడొచ్చింది.”

“నా మోకాలు గువాహతి వెళ్తానని అనలేదు కదే,” అన్నాడు కోటయ్య, పేపరు దించకుండా.

“మీరుండండి! ఇటివ్వవే, నీకు విశ్వాసం చాలట్లేదు.” కమలాకుమారి కళ్ళు బిగించి, తానే తీసింది. ఉన్నచోటనే ఊరక నిలిచి చూడమని ఉంది. “స్తోత్రం! చూశారా, ఎంత స్పష్టంగా మాట్లాడాడో!”

నవ్యశ్రీ కార్డు చదివి, తల్లి అరచేతిలోనే పెట్టింది.

“తీసింది నువ్వు. నిన్ను ఉండమన్నాడు. నన్ను వెళ్ళమన్నాడు, రెండుసార్లు. బస్, అంతే.”

“ఆమెన్,” అన్నాడు కోటయ్య. ఆ ఇంట్లో ఎవరూ అడగకుండా ఆయన అన్న మొదటి ఆమెన్ అది.

కమలాకుమారి కార్డు తిప్పి చూసింది. వెనక ఏమీ లేదు. దేవునికి అప్పగించడమంటే నిజంగానే చేతిలోంచి జారిపోవడమని ఇన్నేళ్ళలో ఆమెకు ఎన్నడూ తోచలేదు.

పిల్ల రైలెక్కిన మర్నాడు ఆదివారం. కమలాకుమారి లేచి నిలబడింది.

“నా బిడ్డను పూర్ణహృదయంతో ప్రభువు చేతికి అప్పగించేశానండీ!”

సంఘమంతా హల్లెలూయా అంది. కొంగు చాటున, ఎడమచేతిలో ఫోను రైలు ఎక్కడుందో చూపిస్తూ వెలుగుతోంది. రైలు ఇంకా పాట్నా దాటలేదు. ప్రభువు చూసుకుంటాడులే అనుకుంటూ, ఆమె బొటనవేలితో తెరను మరొక్కసారి కిందికి లాగింది.