ఎడమచేతి హిట్టరు

మా తమ్ముడి తలలో గడ్డ ఉందని తెలిసిన రోజు నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. స్కాన్ తీసిన మనిషితో పోట్లాడాను, సరిగ్గా చూశావా లేదా అని. నేను దర్జీని. కొలత తప్పుపడితే గుడ్డ మొత్తం పాడవుతుందని నాకు తెలుసు గనక అందరి కొలతలూ అనుమానిస్తాను. మా వీధిలో నన్ను గయ్యాళి దర్జీ అంటారు, అన్నా పట్టించుకోను. ఏడుపు మర్నాడు వచ్చింది, ఎవరిదో కొత్త చొక్కా గుడ్డ కత్తిరిస్తుండగా. కత్తెర పట్టే నా ఎడమచెయ్యి గీత దాటి కోసేసింది. కొట్టు మూసేశాను.

గడ్డ మాటలు పుట్టే చోటికి ఆనుకుని ఉందట. అందుకని మనిషిని మెలకువగా ఉంచి, మాట్లాడిస్తూనే కొంచెం కొంచెంగా తీస్తారట. మాట తేడాగా వస్తే అక్కడితో ఆపేస్తారట.

"నొప్పి ఉండదమ్మా. మెదడుకి నొప్పి తెలీదు" అన్నాడు పెద్ద డాక్టరు.

నొప్పే తెలియని చోట కత్తి ఎంత దూరం వెళ్ళిందో ఎవరు చెబుతారు?

మాట్లాడించే పని చూసే ఆవిడని అక్కడ అందరూ మాటల మేడమ్ అంటారు. ఆపరేషనుకి ముందు ఆవిడ మా తమ్ముడిని కూర్చోబెట్టి, నీకు బాగా కంఠతా వచ్చిందేదైనా చెప్పు బాబూ అని అడిగింది. వాడు తన హాల్ ఆఫ్ ఫేమ్ హిట్టర్ల గురించి, అంటే మేటి బ్యాటు ఆటగాళ్ళ గురించి మొదలుపెట్టాడు. ఇక ఆపలేదట. ఆవిడ బయటికొచ్చి, "ఈ ఆటగాళ్ళు ఎక్కడివాళ్ళండీ? ఎంత వెతికినా ఒక్కరూ దొరకలేదు" అంది. మా మరదలు నుదురు కొట్టుకుంది. ఆ ఆట పేరెత్తితే చాలు, ఇంట్లో గిన్నెలు గట్టిగా చప్పుడవుతాయి.

ఎక్కడ దొరుకుతారు వాళ్ళు? చిన్నప్పుడు మా మేనమామ ఒక పెట్టె తెచ్చాడు. అందులో పాచికలూ అట్టముక్కలూ ఉండేవి. పాచిక వేస్తే బేస్‌బాల్‌లో ఏం జరిగిందో అట్ట చెప్పేది. మైదానం లేదు, బంతి లేదు, మంచం కింద నేనూ వాడూ. ఆటగాళ్ళకి పేర్లు మేమే పెట్టాం, నత్త, ఆవలింత, పోస్టుమేన్ అని. తర్వాత వాడు లిఫ్టులు బాగుచేసే పనిలో చేరి, కంప్యూటర్ కొని, ఆ జట్లనీ పోటీలనీ, మా లీగునంతా అందులోకి ఎక్కించాడు. ఇప్పుడు పాచికలు కంప్యూటరే వేస్తుంది. అందులో ఆటగాళ్ళకి వయసు మీదపడుతుంది, దెబ్బలు తగులుతాయి, రిటైరవుతారు. ఇరవై సీజన్లు ఆడి బాగా కొట్టినవాళ్ళే హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి వెళ్తారు. వాడిది కచ్చితమైన రూలు, తండ్రి అడిగినా సడలించడు.

"అయితే మీరు రావాలి. ఆయన చెప్పింది తప్పో ఒప్పో మాకు తెలియాలి కదా. ఉన్నవాళ్ళనీ లేనివాళ్ళనీ కలిపేస్తే, మాట చెడుతోందనడానికి అదే మొదటి గుర్తు" అంది మేడమ్ ఇదంతా విని.

"నా పెళ్ళి దాకా లీగులోకి వచ్చిన ఆటగాళ్ళంతా తెలుసు. ఆ తర్వాత ఫోన్లో చెప్పేవాడు, నేనే సగం వినలేదు" అన్నాను.

"మీకు తెలిసినవాళ్ళ గురించే అడగండి."

అలా నన్ను ఆపరేషన్ గది పక్కన అద్దం వెనక కూర్చోబెట్టారు. ముందు మైకు, చెవులకి ఇయర్‌ఫోన్లు, చేతి కింద ఒక స్విచ్చి. తప్పు వినబడితే స్విచ్చి నొక్కాలి. డాక్టరు దగ్గర దీపం వెలుగుతుంది, ఆయన చెయ్యి ఆపేస్తాడు. ఆపితే మిగిలిన గడ్డ అక్కడే ఉండిపోతుంది, మళ్ళీ పెరుగుతుంది. ఆపాల్సినప్పుడు ఆపకపోతే మాట పోతుంది. ఈ రెండు ముక్కలూ మేడమ్ నాకు నెమ్మదిగా, చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పింది. నేను తల ఊపాను.

అద్దంలోంచి వాడి తల నాకు కనబడలేదు, ఆకుపచ్చ గుడ్డలు అడ్డం. పాదాలు కనబడ్డాయి. ఎడమ పాదం బొటనవేలు చిన్నప్పటిలాగే లోపలికి తిరిగి ఉంది. దాన్నే చూస్తూ కూర్చున్నాను.

"నత్త ఎందుకురా ఎప్పుడూ హోమ్‌రన్లే కొట్టేవాడు?" అని మైకులో అడిగాను.

"పరిగెత్తలేడు గనక. హోమ్‌రన్ కొడితే బంతి మైదానం దాటిపోతుంది, తీరిగ్గా నడిచి రావచ్చు." గొంతు కాస్త బొంగురుగా ఉంది, అంతే. మాట వాడిదే.

"ఆవలింత?"

"చివరి ఇన్నింగ్స్ దాకా నిద్రపోయేవాడు. బ్యాటు పట్టుకుని ఒక్క ఆవలింత తీస్తే అవతలి జట్టుకి వణుకే."

"పోస్టుమేన్‌కి మోకాలు విరిగింది ఎవరితో ఆడేటప్పుడు?"

జవాబు రాలేదు. లోపల ఏదో యంత్రం కీచుమంటోంది. వేలు స్విచ్చి మీదికి వెళ్ళింది.

"మోకాలు కాదక్కా, మడమ" అన్నాడు. "నన్ను పరీక్షిస్తున్నావా, నువ్వే మర్చిపోయావా?"

నిజానికి నేనే మర్చిపోయాను. వాడి మెదడుకి కాపలా పెట్టిన మనిషికే మతి లేదు, ఇంతకంటే ఘోరం ఉంటుందా? "పరీక్షేలే" అన్నాను గానీ గొంతు వణికిపోయింది. వాడు విన్నాడు. ఆ సంగతి నాకు అప్పుడు తెలియలేదు.

డాక్టరు తలెత్తకుండానే అన్నాడు. "చివరి ముక్క. అసలు చిక్కు ఇక్కడే. మాట్లాడిస్తూ ఉండండి."

నేను తర్వాతి హిట్టరు పేరు ఎత్తబోతుండగా వాడే మొదలుపెట్టాడు.

"అక్కా, గయ్యాళి గురించి అడగవేం?"

"ఎవర్రా?"

"గయ్యాళి. హాల్‌లో ఉన్న ఒకే ఒక్క ఆడమనిషి. ఎడమచేతి హిట్టరు. అంపైరు ఔటంటే బ్యాటు కింద పెట్టదు. ఎవడ్రా ఔటన్నది అని అక్కడే నిలబడుతుంది. చివరికి అంపైరే దణ్ణం పెట్టి వెళ్ళిపోతాడు."

అద్దం అవతల మేడమ్ నా వైపు తిరిగింది. కళ్ళతోనే అడిగింది, ఉందా అని.

నాకు తెలియదు. ఫోన్లో చెప్పాడేమో, నేను వినలేదేమో. లేక లోపల ఏదో తెగి, అక్కా ఆటా కలిసిపోయాయా? ఉన్నవాళ్ళనీ లేనివాళ్ళనీ కలిపేస్తే అని ఆవిడ చెప్పింది సరిగ్గా ఇదేనా? స్విచ్చి చల్లగా వేలికి తగులుతోంది.

"ఎప్పుడొచ్చిందిరా లీగులోకి?" అని అడిగాను.

"నువ్వు పెళ్ళయి వెళ్ళిపోయావు చూడు, ఆ సీజన్లో. మంచం కింద ఒక్కణ్ణే ఆడుకోలేక తెచ్చుకున్నాను."

అది విని నేను నొక్కలేదు. ఎందుకు నొక్కలేదో ఉన్నదున్నట్టు చెబుతాను. వాడు చెప్పింది రూఢి చేసుకుని కాదు. ఆ మాట నాకు ఇష్టమైంది, అందుకు. నన్ను ఎవరో ఎక్కడో ఒక హాల్‌లో నిలబెట్టారంటే, అది నిజమని నమ్మాలనిపించింది. మేడమ్ వైపు చూసి తల ఊపాను. డాక్టరు చెయ్యి కదిలింది. ఆ తర్వాత వాడు ఏం చెప్పాడో, నేనేం అడిగానో నాకు గుర్తు లేదు, ఆ బొటనవేలు తప్ప.

గడ్డంతా వచ్చేసిందని సాయంత్రం డాక్టరు చెప్పాడు. "ఆ చివర్లో మీరు ఆపి ఉంటే కొంత వదిలేసేవాళ్ళం. మంచి పని చేశారు" అన్నాడు. మా మరదలు నా చేతులు పట్టుకుని ఏడ్చింది. నేను మాత్రం గొప్పగా తల ఎగరేసి, మా ఇద్దరి సంగతి మీకేం తెలుసు అన్నట్టు నిలబడ్డాను.

వాడు ఇంటికొచ్చాక చూడ్డానికి వెళ్ళాను. తలకి కట్టు, ఒళ్ళో దిండు, దిండు మీద కంప్యూటరు. మరదలు వంటింట్లో ఉంది, ఆ పూట గిన్నెల చప్పుడు లేదు.

"నా బొమ్మ చూపించరా" అన్నాను.

"ఏ బొమ్మ?"

"హాల్‌లో గయ్యాళి."

వాడు కళ్ళు దించుకున్నాడు. "అలాంటి హిట్టరు ఎవరూ లేరక్కా."

"మరి ఆ రోజు చెప్పింది?" అన్నాను.

"నీ గొంతు వణికింది. నువ్వు భయపడితే నాకూ భయమేసింది. చిన్నప్పట్నుంచీ అంతే కదా. నిన్ను నవ్విద్దామని అప్పటికప్పుడు అల్లాను. ఏమక్కా, నువ్వు నమ్మావా?"

అరికాలి మంట నెత్తికెక్కింది. తలకి కుట్లున్నాయి గనక బతికిపోయాడు, లేకపోతే ఆ చెంపా ఈ చెంపా వాయించేదాన్ని. తల తెరిచి పెట్టుకుని నాతో వేళాకోళమా? నేను నొక్కి ఉంటే గడ్డ మిగిలేది. వాడు చెప్పేది వేళాకోళం కాక నిజంగానే మతి చెదిరిన మాటై ఉంటే, నా మురిపెం వాడి నోరు మూసేసేది. రెండూ జరగలేదంటే అది నా తెలివి కాదు. అప్పటిదాకా ఆసుపత్రిలో పడని భయమంతా ఆ గదిలో పడ్డాను.

"సరే, ఇప్పుడు పెట్టు. హాల్‌లో పెట్టు నన్ను" అన్నాను చివరికి.

"కుదరదు. ఇరవై సీజన్లు ఆడాలి. రూలు రూలే."

"ఎన్నాళ్ళు పడుతుంది?"

"నేను రోజూ కాస్సేపు కూర్చోగలిగితే... ఏళ్ళు పడుతుంది." గొంతు తగ్గించాడు. "మూడు నెలలకోసారి స్కాన్ చూడాలన్నారు అక్కా. మళ్ళీ రావచ్చట."

వాడు భయపడుతున్నాడని అప్పుడు చూశాను. నవ్వించడానికి కథలల్లిన వాడి చెయ్యి దుప్పటి అంచు నలుపుతోంది. దేవుడున్నాడనో, ఏం కాదనో అనడం నాకు రాదు. కొలతలు తెలియకుండా మాట ఇవ్వను.

"ఆడించు" అన్నాను. "మొత్తం ఇరవై సీజన్లూ నువ్వే ఆడించాలి. మధ్యలో ఇంకొకరికి అప్పజెప్పావంటే ఊరుకోను."

వాడు పేరు కొట్టాడు. ఎడమచెయ్యి అని పెట్టాడు. వయసు దగ్గర నన్ను అడక్కుండా పద్దెనిమిది వేశాడు. మీట నొక్కి, తెర మీద వచ్చింది చదివి మెడ లోపలికి లాక్కున్నాడు.

"మొదటి బంతికే ఔట్" అన్నాడు.

నేను కుర్చీ లాక్కుని వాడి పక్కన కూర్చున్నాను.

"ఎవడ్రా ఔటన్నది?" అన్నాను.